హక్కుల సారు రాయని వీలునామా

బాలమ్మ మొన్న బుధవారం నా ఆఫీసుకు వచ్చి వీలునామా రాయాలంది. వనపర్తి కోర్టు వెనక సందులో ఉంది నా ఆఫీసు. ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్లు నిలబడాల్సిన గది. ఆమె వచ్చేసరికి కుర్చీలు రెండూ ఖాళీగానే ఉన్నాయి. అయినా గడప మీద కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, "నాకొక వీలునామ రాయాలె వకీలమ్మా" అంది.

ఆస్తిపాస్తులున్నవాళ్లను వీలునామా రాయమంటే యముడికి కబురు పెట్టమన్నట్టు చూస్తారు. బాలమ్మకు రాసివ్వడానికి ఏమీ లేదు. ఉంటున్న రేకుల ఇల్లు కొడుకు పేరు మీద ఉంది. సాగుచేసుకుంటున్న నేల ఎవరి పేరు మీద ఉందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ గొడవతోనే ఇద్దరమూ విసిగిపోయి ఉన్నాం.

"ఎవరు చెప్పిండ్రు నీకు వీలునామా రాయమని?" అన్నాను.

"ఇంకెవరు చెప్తరు? హక్కుల సారే."

సారు పోయి రెండేళ్లు దాటింది. ఆ మాటకు నాకు నవ్వు రావాలి. రాలేదు, ఒళ్లంతా అలసట వచ్చింది. ఫైలు మూసి టీ చెప్పాను.

గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఆయన్ని అందరూ హక్కుల సారు అనేవారు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. అసలు పేరు కోర్టులో బంట్రోతు పిలిచినప్పుడే వినబడేది. అది ఇక్కడ రాస్తే ఆయన చుట్టాలకూ నాకూ మరో తగవు మొదలవుతుంది, ఉన్న తగవే చాలు. బక్కమనిషి. తెల్లచొక్కా జేబులో ఎప్పుడూ కారే పెన్ను ఒకటి ఉండేది. ఎడమ రొమ్ము మీద నీలం మరక లేని చొక్కా ఆయన ఒంటి మీద నేను చూడలేదు. పెన్ను మార్చండి సారూ అంటే, "రాస్తుంది గదా" అనేవాడు. చేతిలో గుడ్డసంచి. అందులో ఒక తువ్వాల, స్టీలు గ్లాసు, గుడ్డలో చుట్టిన జొన్నరొట్టె, పల్లీల పొడి. ఎవరింటికి పోయినా నీళ్లు తన గ్లాసులోనే పోయించుకునేవాడు. నీళ్ల దగ్గర ఎవరి కులం ఎవరు చూస్తున్నారో కనిపెట్టడానికి అదొక ఉపాయమని చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. గ్లాసుకు తగలకుండా చెంబు ఎత్తి పట్టి పోసే చేతిని గుర్తుపెట్టుకునేవాడు.

ఎక్కడికి పోయినా కుర్చీలో కూర్చునేవాడు కాదు, గడప మీద కూర్చునేవాడు. ఎమ్మార్వో ఆఫీసైనా, పోలీస్ స్టేషనైనా, దొరగారి ఇల్లైనా అంతే. "కుర్చీల గూసుంటే మనల్ని మర్చిపోతరు వకీలమ్మా. గడప మీద గూసుంటే దాటి పోవాలె గదా" అని చెప్పేవాడు. దాటబోయే వాళ్లకు మర్యాదగా జరిగి దారి ఇచ్చేవాడు. వాళ్లు పోయాక మళ్లీ అక్కడే కూర్చునేవాడు. ఆయన్ని కసిరిన వాళ్లున్నారు గానీ, లేపి బయటికి పంపిన వాళ్లు నాకు తెలిసి లేరు.

హక్కుల కోసం తిరిగేవాళ్లు సాధారణంగా బతుకు గురించి మాట్లాడతారు. ఈయన చావు గురించి మాట్లాడేవాడు. ఎవరింట్లో మనిషి పోయినా మూడో రోజుకు హాజరు. ఏడ్చేవాళ్లను ఏడవనిచ్చి, తన గ్లాసులో నీళ్లు తాగి, ఇంటామెను పక్కకు పిలిచి మెల్లగా అడిగేవాడు.

"విరాసత్‌కు పెట్టిండ్రా అమ్మా? పట్టాల ఆయన పేరు తీసి నీ పేరెక్కాలె గదా."

చావింట్లో ఆ మాట ఎవరికి నచ్చుతుంది? పెద్దమనుషులు మొహం చిట్లించేవారు. ఒక ఇంట్లో ముసలాయన చెప్పు కూడా తీశాడు. కొన్నేళ్లకు ఆ ముసలాయనే పోతే, మూడో రోజున సారు ఆ ఇంటికి మళ్లీ పోయి, కోడలిని పక్కకు పిలిచి అదే మాట అడిగాడు. "పేరెక్కిందా?" అన్నది ఆయనకు పలకరింపు అయిపోయింది. బస్టాండులో కనిపించినా, సంతలో కనిపించినా బాగున్నారా అని అడిగేవాడు కాదు, పేరెక్కిందా అనేవాడు. ఎక్కలేదంటే ఇక ఆ మనిషికి మనశ్శాంతి ఉండేది కాదు.

నేను కొత్తగా నల్లకోటు వేసుకున్న రోజుల్లో నన్ను ధరూర్ దిక్కు ఒక ఊరికి తీసుకుపోయాడు. "జర కోటు ఏసుకోని రా వకీలమ్మా, నోరు ఇప్పకు, కోటు కనవడితే చాలు" అన్నాడు. ఎండాకాలం. షేర్ ఆటోలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఆ కోటులో నేను ఉడికిపోయాను. ఆ ఊళ్లో ఒకామె భర్త బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తూ మేడ మీది నుంచి పడి చనిపోయాడు. ఆయన వాటా పత్తిచేను బావగారు కలిపి దున్నేసుకున్నాడు. సారు పోయి ఆ బావగారి గడప మీద కూర్చున్నాడు. ఆడవాళ్లు బిందెలతో వస్తే లేచి దారి ఇచ్చాడు, పోయాక కూర్చున్నాడు. మేకపిల్ల వస్తే దానికీ దారి ఇచ్చాడు. మధ్యాహ్నానికి బావగారికి ఓపిక అయిపోయింది.

"ఏంది సారు మీ లొల్లి?"

"లొల్లి ఏం లేదు పటేలా. మీ తమ్ముని భార్య పేరు ఎక్కిస్తనని ఒక్క మాట చెప్పు, లేస్త."

"రేపు చెప్త పోండ్రి."

"సరె. రేపు మల్ల వస్త. గడప ఈన్నే ఉంటది గదా?"

లోపల ఆ ఇంటి కోడలు నవ్వింది. బావగారికీ నవ్వు వచ్చింది, దాన్ని ఆపుకోవడానికి మీసం తుడుచుకున్నాడు. ఆ వారంలోనే ఆమె పేరెక్కింది.

కానీ ఆయన్ని తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది నాగర్‌కర్నూల్ అవతల జరిగిన సంగతి. ఒక దళిత కుటుంబం తాతల నాటి నుంచి దున్నుకుంటున్న చెలక. కాగితం ముక్క లేదు. ఆ నేల తనదని ఒకాయన సర్వేయరును వెంటపెట్టుకుని వచ్చాడు. ఇంటిల్లిపాదీ గట్టు మీద నిలబడి ఏడుస్తున్నారు. నేను చట్టం మాట్లాడబోయాను. సారు నన్ను ఆపి, ఆ ఇంటి పెద్దను అడిగాడు.

"మీ తాతను ఏడ పెట్టిండ్రు?"

వేపచెట్టు కింద మట్టి దిబ్బ, తలవైపు ఒక రాయి చూపించారు. మా పాలమూరులో చాలామంది పెద్దలను సొంత పొలంలోనే పెట్టుకుంటారు. సారు పోయి ఆ రాయి పక్కన కూర్చుని కొలత గొలుసు పట్టుకున్న వాళ్లతో అన్నాడు. "సాక్షి కావాలంటిరి గదా. ఈయనే సాక్షి. లేపి అడుగుండ్రి ఈ నేల ఎవరిదో." ఎవడు లేపుతాడు? సర్వేయరు గొలుసు చుట్టుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సారు రొట్టె విరిచి నాకు సగం పెట్టి, "ఇయ్యాల్టికి ఆపినం. రేపటిది రేపు" అన్నాడు. ఆయన పద్ధతి మొత్తం ఆ మాటలోనే ఉంది. ఏదీ తెగేదాకా లాగడు, ఇవాళ్టికి ఆపుతాడు. అలా ఎన్ని ఇవాళ్టిలు కలిపి ఎంతమంది బతుకులు నిలబెట్టాడో చెప్పలేను. ఆ రోజు బాలమ్మ కూడా మా వెంట ఉంది. ఎక్కడ తగవైనా సారు వెనకాల వచ్చే నలుగురైదుగురిలో ఆమె ఒకతె.

ఇప్పుడు బాలమ్మ వాళ్లు సాగుచేసుకుంటున్న ఆ నాలుగెకరాల సంగతి చెప్పాలి. చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది, అయినా చెబుతాను.

వనపర్తి నుంచి కొల్లాపూర్ పోయే దారిలో ఎర్రచెలక అది. బాలమ్మ వాళ్లవి ఆరు కుటుంబాలు ఒక ఆసామి దగ్గర తరాలుగా జీతం ఉండేవి. అప్పు తీరదు, జీతం తెగదు. సారు ఆ ఆసామి గడప మీద ఎన్ని నెలలు కూర్చున్నాడో. వెట్టి కేసు పెట్టి, బయట మాట్లాడి, చివరికి రాజీకి తెచ్చాడు. కేసు వెనక్కి తీసుకుంటే నాలుగెకరాలు రాసిస్తానని ఆసామి ఒప్పుకున్నాడు. కానీ జీతగాళ్ల పేరు మీద సంతకం పెడితే తన పరువు పోతుందట. "నీకైతే రాసిస్త. వాళ్ల పేర్లు రాసి దాని కింద నా పేరు రాయ" అన్నాడు. సారు ఒక రాత్రి ఆలోచించాడు. మరునాడు, "ఇయ్యాల్టికి నా పేరు మీద కానీ, రేపు మార్చుకుందం" అన్నాడు. నేల ఆయన పేరు మీదికి వచ్చింది. ఆరు కుటుంబాలు రాళ్లు ఏరి, బోరు వేసి, పల్లి, కంది పండించుకోవడం మొదలుపెట్టాయి. ఊరందరినీ పేరెక్కిందా అని అడిగే మనిషి, ఎక్కకూడని చోట తన పేరు ఎక్కించుకుని కూర్చున్నాడు.

మార్చడానికి ప్రయత్నం చేయలేదని అనను. ఆరు కుటుంబాల నుంచీ ఒక్కొక్కరు ఒకే రోజు రిజిస్ట్రీ ఆఫీసుకు రావాలి. ఒకరు పూణెలో ఉంటే ఒకరు బొంబాయిలో, ఇంకొకరు ఎక్కడ ఉన్నారో పనికి తోలుకుపోయిన మేస్త్రీకే తెలియాలి. మా దగ్గర వలసపోయిన వాళ్లు దేనికి రాకపోయినా పీర్ల పండుగకు వస్తారు. ఆరు కుటుంబాలూ ఊళ్లో ఉండే రోజు ఏడాదికి అదొక్కటే. ఆ రోజు ఆఫీసుకు సెలవు. మరునాడు పోదామంటే అలాయి గుండం చుట్టూ ఆడి కాళ్లు వాచినవాడొకడు, తాగి లేవనివాడొకడు. ఆ మరునాటికి మేస్త్రీ బండి వచ్చి ఇద్దరిని ఎక్కించుకుపోయేది. ఏటా ఇదే కథ. పైగా వాళ్లలో వాళ్లకే భయం. "మీ పేరు ఉంటే ఆ నేల దిక్కు ఎవడూ చూడడు సారు. మా పేరెక్కితే రాసిచ్చిన దొర మనవళ్లు వస్తరు" అని బాలమ్మే చాలాసార్లు అడ్డం పడింది.

నేను వీలునామా అన్నాను. ఒకసారి కాదు, కనిపించినప్పుడల్లా అన్నాను. కోర్టు బయట టీకొట్టు దగ్గర జరిగిన మాట బాగా గుర్తుంది. కొట్టు మెట్టు మీద కూర్చుని సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగుతున్నాడు.

"సారూ, రిజిస్ట్రీ అయ్యేదాంక ఒక వీలునామా రాసి పెట్టుండ్రి. తెల్లకాగితం చాలు. ఇద్దరు సాక్షులు చాలు. స్టాంపు వద్దు, ఆఫీసు వద్దు. టీ సల్లారేలోపల అయిపోతది."

"దాంట్ల ఏమని రాయాలె?"

"నా తదనంతరం నా నాలుగెకరాలు ఈ ఆరుగురికి చెందాలె అని."

ఆయన సాసర్ కింద పెట్టాడు. "నా నాలుగెకరాలు అని రాయాల్నా?"

"మరి మీ పేరు మీదనే ఉన్నది గదా."

"అది నాది గాదు వకీలమ్మా. నాది అని రాసి, తర్వాత వాళ్లకు ఇస్తున్న అంటే నేను దాత అయిపోత. వాళ్లది వాళ్లకు దానం ఇచ్చినట్టు అయితది. నేను గట్ల రాయ."

"చట్టానికి మీ మనసుల ఉన్నది ఏం తెల్వదు సారూ. మీరు రాయకపోతే అది మీ అన్న కొడుకులది అయితది."

"వాళ్లు మంచి పిల్లలే. రేపు చూద్దం."

నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు. చావింటికి పోయి ముక్కు చీదుకుంటున్న ఆడమనిషిని పేరెక్కిందా అని అడిగే మనిషికి, తన చావు దగ్గరికి వచ్చేసరికి మాటల పట్టింపు అడ్డం వచ్చింది. పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు. ఆయన పోతే వారసులు ఎవరో నేను వేళ్లు మడిచి చెప్పాను. విన్నాడు, తలూపాడు, లేచి నాగర్‌కర్నూల్ బస్సెక్కాడు.

గద్వాల బస్టాండులో పడిపోయాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. నేను వెళ్లేసరికి దవాఖాన గేటు దగ్గర వ్యాను ఉంది. అన్న కొడుకులు ఇద్దరూ వచ్చారు. చిన్నవాడు నర్సింలు ధరూర్ దారిలో షేర్ ఆటో నడుపుతాడు. ఆ ఆటోలోనే వచ్చాడు, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. శవాన్ని తమ ఊరికి తీసుకుపోయి తమ తాత పక్కన పెట్టుకుంటామన్నారు. బాలమ్మ, మరో పదిమంది వ్యాను చుట్టూ నిలబడ్డారు. బాలమ్మ వ్యాను వెనక మెట్టు మీద కూర్చుంది.

"అవ్వా, జర లే" అన్నాడు నర్సింలు.

"లెవ్వ. సారును మా నేలల పెడతం."

"మా చిన్నాయన అవ్వా ఆయన."

"పుట్టినప్పుడు మీ చిన్నాయన. బతికింది మాకాడ."

నేను ఆమె పక్కన కూర్చుని చెవిలో చెప్పాను. "బాలమ్మక్కా, నా మాట ఇను. తీస్కపోనీ. ఆ నేలల పెట్టొద్దు. సమాధి ఉన్న నేల ఎవరిది అంటరో నీకు తెల్వదా? సారే చూపించిండు గదా."

ఆమె నా వైపు తిరిగి అందరికీ వినబడేలా అంది. "తెలుసు గనకనే పెడుతున్నం. సారు మావోడు. మావోని సమాధి ఉంటే నేల మాదే అయితది. నీకు ఎప్పుడూ కాయితాలే కనవడతయి, మనిషి కనవడడు."

సారు దగ్గర వాళ్లు నేర్చుకున్న పాఠమే అది, పొల్లు పోకుండా నేర్చుకున్నారు. ఆయన వాళ్లవాడే. కానీ చట్టం రక్తం చూస్తుంది, ప్రేమ చూడదు. ఆ రోజు గేటు దగ్గర శవం ఉండగానే ఆ మాట అన్నాను, ఎవరికీ వినబడలేదు. మధ్యాహ్నం దాకా లాగి లాగి చివరికి నర్సింలే తువ్వాలతో మొహం తుడుచుకుని, "సరె, మీరే పెట్టుకోండ్రి. ఎండల ఉంచుడు మంచిది గాదు" అన్నాడు. అందులో మోసం ఏమీ లేదు. పాపం, నిజంగానే ఒప్పుకున్నాడు.

నాలుగెకరాల మధ్య బోరు పక్కన పెట్టారు. బాలమ్మ వాళ్ల పాస్టరు ప్రార్థన చేశాడు, నర్సింలు కొబ్బరికాయ కొట్టాడు, ఇంకెవరో నినాదాలు ఇచ్చారు. ఆరు కుటుంబాలూ గెలిచామనుకున్నాయి. వలస పోయినవాళ్లు కూడా ఆ రోజు వచ్చారు. రిజిస్ట్రీకి ఒక్కనాడూ ఒక్కచోటికి రాని మనుషులు మట్టి వేయడానికి అందరూ వచ్చారు.

తర్వాత వనపర్తిలో సంస్మరణ సభ పెట్టారు. పెద్దపెద్దవాళ్లు వచ్చి, సెంటు భూమి కూడా సంపాదించుకోని త్యాగి అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను వెనక వరసలో కూర్చుని ఉన్నాను. నాలుగెకరాల నేల ఉంది మహానుభావులారా, అదే మా చావుకొచ్చింది అని లేచి అరవాలనిపించింది. మా వరస చివర ఒకాయన కునుకు తీస్తున్నాడు. ఆయన్ని లేపి దారి ఇమ్మని బయటికి వచ్చేశాను.

పెద్దకర్మ అయిన కొన్ని నెలలకే భూముల దళారి ఒకడు అన్నదమ్ముల దగ్గరికి పోయాడు. పేరు మీ చిన్నాయనది, సమాధి మీ చిన్నాయనది, మరి నేల ఎవరిది అన్నాడు. వాళ్లు విరాసత్‌కు పెట్టుకున్నారు, పేరెక్కింది. నేను దావా వేశాను. సాగుకు అడ్డం రావద్దని ఉత్తర్వు తెచ్చాను, దాన్ని వాయిదా వాయిదాకూ పొడిగించుకుంటూ వస్తున్నాను. నేల మాదే, ఆయన పేరు మీద ఊరికే పెట్టుకున్నాం అందామంటే, అలా చెప్పుకోవడానికి వీల్లేదని బినామీల చట్టం ఒకటి ఉంది. తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు ఉంటే ఈ ఫైలే ఉండేది కాదు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్లకీ ఆయన కథే చెబుతున్నాను. ఎంత మంచివాడివైనా నీ మంచితనం నీతోనే పోతుంది, కాగితం ఉంటుంది, రాయి అంటాను. నాదని రాయడానికి సిగ్గుపడితే ఇంకెవరో నాదని రాసుకుంటారు అంటాను. కొందరు రాస్తున్నారు. సారు బతికుండగా నా మాట వినలేదు గానీ, పోయాక నా ఆఫీసులో బాగా పనికొస్తున్నాడు.

నర్సింలు మొన్నామధ్య వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, "మేడం, నాకు గూడ చిన్నాయన అంటే పానం. గని ఆమెకు డయాలసిస్ అయితున్నది. వారానికి ఎన్నిసార్లని తిరగాలె? ఆటో మీద ఏమొస్తది?" అన్నాడు. ఆమె అంటే భార్య. నేల కొనడానికి హైదరాబాద్ నుంచి ఎవరో వచ్చారట. కోర్టు గొడవ ఉందని చెప్పినా పర్వాలేదన్నారట. కానీ నేల మధ్యలో సమాధి చూసి కారు దిగకుండానే వెనక్కి తిప్పారట. ఏటా జనం వచ్చి దండలు వేసే సమాధి పక్కన ఫాంహౌస్ ఎవరు కడతారు?

"సమాధి తీసి మా ఊరికి తీస్కపోదమని అన్న అంటున్నడు. నాకు మనసొప్పుతలేదు. మీరేమంటరు మేడం?"

నేను ఎదుటి పక్షం వకీలునని, నన్ను అడగకూడదని చెప్పాను. "తెలుసు మేడం. గని ఇంకెవర్ని అడగాలె?" అన్నాడు. అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. సారు మీదే వచ్చింది. ఒక్క కాగితం రాయకుండా పోయి ఈ రెండు పేదకొంపల మధ్య తగవు పెట్టాడు.

ఆ సమాధి తీసే మాట బాలమ్మ చెవిన పడింది. అందుకే మొన్న బుధవారం వచ్చింది.

టీ తాగాక అడిగాను. "ఏమున్నదని రాయాలె బాలమ్మక్కా? దేని మీద వీలునామా?"

"నా మీదనే. నేను సస్తే సారు పక్కన పెట్టాలె, గా నాలుగెకరాలల్ల. గది రాయి."

"మీ ఆయన సమాధుల తోటల ఉన్నడు గదా? పక్కన నీకు జాగ ఉంచిండ్రని నువ్వే చెప్పినవు."

"ఆయనకు చెప్పిన. ఆదివారం ప్రార్థన అయినంక తోటకు పోయి చెప్పి వచ్చిన. పాస్టరయ్యకు గూడ చెప్పిన. జర అలిగిండు గని ఒప్పుకున్నడు."

నేను పెన్ను కింద పెట్టాను. ఇలాంటి వీలునామాకు చట్టంలో బలం లేదని, ఆ నేల ఆమె పేరు మీద లేదని, తనది కాని నేలలో తనను పెట్టమని రాస్తే కోర్టు లెక్కలోకి తీసుకోదని వివరంగా చెప్పాను. ఓపికగా విన్నది. సారు విన్నట్టే తలూపింది.

"సారు సమాధి పెట్టంగనే వాళ్లదయిపోయె గదా. నా సమాధి పెడితే మాది గాదా?"

"కాదక్కా. చట్టంల కాదు."

"చట్టం సంగతి నువ్వు చూసుకో. లేపనీకి వచ్చినోడు ఒక్కర్ని లేపుతడు. ఇద్దర్ని లేపుతడా? నా ఎన్క మా ఆరిండ్లల్ల ఎల్లమ్మ పడుకుంటనన్నది, దాని ఎన్క వాళ్ల మరిది. ఎందర్ని లేపుతడు? ఆగుతది గదా?"

"ఎన్నాళ్లు ఆగుతది?"

ఆమె గడప మీద కాస్త జరిగింది. లోపలికి వస్తున్న నా క్లర్కుకు దారి ఇచ్చి, మళ్లీ అక్కడే సర్దుకుని కూర్చుంది. "ఇయ్యాల్టికి ఆగుతది" అంది.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అది సారు మీద బెంగో, ఆమె మీద జాలో, ఈ వాయిదాల మీద విసుగో నాకే తెలియదు. తెల్లకాగితం తీసుకున్నాను. నా తదనంతరం నా దేహాన్ని ఫలానా నేలలో, ఫలానా సమాధి పక్కన పూడ్చవలెను అని రాశాను. ఆస్తి అన్న చోట ఏమీ లేదు అని రాశాను. క్లర్కు ఒక సాక్షి, పక్క ఆఫీసు వకీలు ఇంకో సాక్షి. టీ గ్లాసులు ఇంకా బల్ల మీదే ఉన్నాయి.

వేలిముద్ర వేస్తావా అంటే నా వైపు కోపంగా చూసింది. జీతం నుంచి బయటికి వచ్చిన ఏడాది సారు ఆ ఆరిళ్లవాళ్లకూ సంతకం నేర్పాడు. పెన్ను పిడికిలిలో పట్టుకుని, నాలుక పంటి కింద పెట్టుకుని, ఒక్కో అక్షరమే కింద పడకుండా రాసింది. రాశాక కాగితం నా వైపు తిప్పింది.

"పేరెక్కిందా వకీలమ్మా?"

ఎక్కిందన్నాను.